సూదికి భయపడే బదులు కత్తిని చూడండి

ఏటా ఫిబ్రవరి నెలాఖరుకు రోడ్ల పక్కన పుచ్చకాయల కుప్పలు లేస్తాయి. ఇంచుమించు అదే వారంలో వాట్సాప్ గ్రూపుల్లో ఆ పాత వీడియో కూడా మళ్ళీ తిరగడం మొదలవుతుంది. ఎవరో సిరంజితో కాయలోకి ఎర్రరంగు ఎక్కిస్తుంటారు. కింద "అందరికీ పంపండి, ప్రాణాలు కాపాడండి" అని ఉంటుంది. అది చూసి చాలామంది కాయ కొనడం మానేస్తారు. ఆ మానేసినవాళ్ళలోనే కొందరు సాయంత్రం బండి దగ్గర ఆగి, ఎప్పుడో కోసిపెట్టిన ముక్కల్ని ఐసు మీద నుంచి తీయించుకుని పిల్లలకు తినిపిస్తారు. మొదటి దాంట్లో ఉందనుకుంటున్న ప్రమాదం కంటే ఈ రెండో పనిలో ఉన్న ప్రమాదం చాలా ఎక్కువ. మా చిన్నాయన అనంతపురం జిల్లాలో పుచ్చ సాగు చేస్తాడు. మా అమ్మకు చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. ఈ పండు గురించి జనంలో ఉన్న భయాలు, ఆశలు రెండూ మా ఇంట్లో రోజువారీ మాటలే కాబట్టి, తెలిసినంతవరకు వివరంగా రాయాలనిపించింది.

ముందు పండులో ఏముందో చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ పోషకాల పట్టిక ప్రకారం 100 గ్రాముల ఎర్ర కండలో 91 గ్రాములకు పైగా నీరే. కేలరీలు 30. చక్కెరలు 6 గ్రాముల చిల్లర. పీచు అర గ్రాము కూడా లేదు. విటమిన్ సి 8 మిల్లీగ్రాములు, పొటాషియం 112, మెగ్నీషియం 10. "పోషకాల గని" అని రాసే పోస్టులకు ఈ అంకెలు సరిపోవు. విటమిన్ సి కోసమైతే జామకాయ తినాలి, అదే పట్టికలో దానికి 228 మిల్లీగ్రాములు ఉంది. పీచు కోసమైనా జామే మేలు. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని కడుపుతో ఉన్నవాళ్ళకు పనిగట్టుకుని పెడుతుంటారు. 100 గ్రాముల పుచ్చకాయలో ఇనుము పావు మిల్లీగ్రాము. రక్తహీనత ఉన్న అమ్మాయికి ఈ పండు పెట్టి ఐరన్ మాత్రలు పక్కన పడేస్తే నష్టం ఆమెకూ బిడ్డకూ.

మరి దీని గొప్పతనం ఎక్కడుంది? ఒకటి, ఆ నీటిలోనే ఉంది. మే నెలలో ఆకలి చచ్చిపోయి, అన్నం సహించక, నీళ్ళు కూడా బలవంతంగా తాగే ముసలివాళ్ళు ఈ ముక్కలు మాత్రం ఇష్టంగా తింటారు. అరకిలో ముక్కలు తింటే అర లీటరుకు కాస్త తక్కువ నీళ్ళు తాగినట్టే, కేలరీలు 150. రెండు, దాని ఎరుపు. ఆ రంగు లైకోపీన్ అనే పదార్థానిది. టమాటాకు రంగునిచ్చేదీ అదే. వండని ఎర్ర టమాటాలో 100 గ్రాములకు సుమారు రెండున్నర మిల్లీగ్రాములుంటే, ఎర్ర పుచ్చకాయలో నాలుగున్నర ఉంటుంది. పైగా టమాటాను నూనెలో మగ్గిస్తేగానీ అందులో లైకోపీన్ మన ఒంటికి సరిగా పట్టదు. పుచ్చకాయకు ఆ ఇబ్బంది లేదు. వేడిచేయని పుచ్చకాయ రసం రోజూ తాగినవాళ్ళ రక్తంలో, వేడిచేసిన టమాటా రసం తాగినవాళ్ళతో పోల్చదగ్గ స్థాయిలో లైకోపీన్ పెరిగిందని 2003లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం చూపించింది. లైకోపీన్ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి ఖాళీ కడుపున కాకుండా భోజనం చేశాక తింటే ఇంకా మంచిది. మన పెద్దవాళ్ళు భోజనం చివర్లో పండు పెట్టే పద్ధతి దీనికి బాగా కుదురుతుంది. పసుపు కండ ఉండే కొత్త రకాల్లో లైకోపీన్ ఉండీ లేనట్టే ఉంటుంది, అవి రుచి కోసం కొనుక్కోవచ్చు.

అలాగని లైకోపీన్ క్యాన్సర్‌ను ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. లైకోపీన్ పేరుతో అలాంటి మాట లేబుల్ మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే ఒప్పుకోలేదు. రంగురంగుల పండ్లు, కూరగాయలు తినేవాళ్ళు మొత్తం మీద ఆరోగ్యంగా ఉంటారన్నది వేరే మాట, అది నిజమే.

ఇక షుగర్. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ విషయంలో మా అమ్మను చూసి చాలా బాధపడ్డాను.

వేసవిలో చుట్టాలు వచ్చినప్పుడు భోజనాల తర్వాత పుచ్చకాయ కోస్తారు. పళ్ళెం అమ్మ దగ్గరికి రాగానే ఎవరో ఒకరు, "వదినా, నీకు షుగర్ కదా, ఇది ముట్టుకోకు, వట్టి చక్కెర నీళ్ళు" అంటారు. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. అంతకు పావుగంట ముందు అదే మనిషి పక్కన కూర్చుని, "ఇంకొంచెం వేసుకో, ఏం తిన్నావని" అంటూ రెండోసారి అన్నం వడ్డించి ఉంటుంది. ప్రేమతోనే వడ్డిస్తుంది, ప్రేమతోనే వద్దంటుంది. కానీ లెక్క తలకిందులైంది. ఒక కప్పు అన్నంలో, అంటే 150 గ్రాముల్లో, పిండి పదార్థం 40 గ్రాములకు పైనే ఉంటుంది. 200 గ్రాముల పుచ్చకాయ ముక్కల్లో 15 గ్రాములు. ఆ రెండో వడ్డన వద్దని ఉంటే, అమ్మ ఒక గిన్నెడు పుచ్చకాయ ముక్కలు తినేసినా షుగర్ తక్కువే పెరిగేది.

పుచ్చకాయ గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే సూచిక, ఎక్కువ అనే మాట అబద్ధం కాదు. పాత పట్టికల్లో అది 70 దాటే ఉంటుంది. కానీ ఆ సూచిక ఎలా కొలుస్తారో చూడాలి. మామూలుగా 50 గ్రాముల పిండి పదార్థం అందేంత పరిమాణం తినిపించి, రెండు గంటలపాటు రక్తంలో చక్కెర చూస్తారు. పుచ్చకాయలో 50 గ్రాములు రావాలంటే ఒక్క మనిషి ఒకే విడతలో ముప్పావు కిలోకు దగ్గరగా తినాలి. మామూలు ముక్కలకు, అంటే 120 గ్రాములకు, లెక్కగడితే గ్లైసెమిక్ లోడ్, అంటే తిన్న పరిమాణాన్ని కూడా కలిపి చూసే లెక్క, 4, 5 దగ్గర ఆగుతుంది. 10 లోపు ఉంటే తక్కువ అంటారు. అందుకే షుగర్ ఉన్నవాళ్ళకు నేను చెప్పేది కొలత గురించే. ఒక చిన్న గిన్నె, 150 నుంచి 200 గ్రాములు, ఆ పూట అన్నం తగ్గించుకుని. రెండు గంటల తర్వాత మీటరు పెట్టి చూసుకుంటే ఎవరి ఒంటికి ఎంత పడుతుందో వాళ్ళకే తెలుస్తుంది. అమ్మ ఇప్పుడు అలాగే తింటోంది, డాక్టరుకు చెప్పే తింటోంది.

జ్యూస్ మాత్రం వద్దు. ముక్కలుగా తింటే గిన్నె దగ్గర ఆగుతాం. గ్లాసులోకి వచ్చేసరికి రెండు గిన్నెల పండు, పైన రెండు చెంచాల పంచదార, రెండు నిమిషాల్లో లోపలికి పోతాయి. తియ్యటి పండుకు మళ్ళీ పంచదార ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

తిన్నాక కడుపు ఉబ్బరం అనేవాళ్ళు కొందరుంటారు. అది వాళ్ళ భ్రమ కాదు. పుచ్చకాయ చక్కెరల్లో ఫ్రక్టోజు, గ్లూకోజు కంటే రెండింతలు ఉంటుంది. అది కొందరి పేగుల్లో సరిగా ఇంకక గ్యాసు అవుతుంది. అలాంటివాళ్ళు రాత్రిపూట, ఎక్కువ మోతాదులో తినకుండా ఉంటే చాలు. పుచ్చకాయ తిన్నాక నీళ్ళు తాగకూడదన్న మాటకు మాత్రం ఆధారం లేదు. తిన్న పండే నూటికి తొంభై వంతులు నీళ్ళు.

ఈ పండు మీద పెట్టుకున్న ఆశల్లో పెద్దది సిట్రులిన్ అనే ఆమైనో ఆమ్లం చుట్టూ ఉంది. 1914లో జపాన్ శాస్త్రవేత్తలు పుచ్చకాయ రసం నుంచే దాన్ని మొదటిసారి వేరుచేశారు, పుచ్చ లాటిన్ పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది. ఒంట్లోకి వెళ్ళాక మూత్రపిండాలు దాన్ని ఆర్జినిన్ అనే మరో ఆమైనో ఆమ్లంగా మారుస్తాయి, దాని నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారై రక్తనాళాల్ని వదులు చేస్తుంది. 2008లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలోని భీము పాటిల్ ఈ సంగతి వివరిస్తూ వయాగ్రా పేరు ఎత్తేసరికి ప్రపంచమంతా ఆ ఒక్క ముక్కనే పట్టుకుంది. తెలుగు యూట్యూబులో ఇప్పటికీ అదే నడుస్తోంది. బీపీ విషయంలో 2010లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన అధ్యయనాన్ని కూడా ఇలాగే వాడుకుంటున్నారు. అందులో పాల్గొన్నది 9 మంది. వాళ్ళకిచ్చింది పండు కాదు, పుచ్చకాయ నుంచి తీసిన సారం, రోజుకు 6 గ్రాముల ఆమైనో ఆమ్లాలు అందేటట్టు, ఆరు వారాలు. కిలో ముక్కల్లో సిట్రులిన్ రకాన్ని బట్టి రెండు గ్రాములు అటూ ఇటూగా ఉంటుంది. రోజూ మూడు కిలోలు ఎవరు తింటారు? తిన్నా ఆ చక్కెరంతా ఎక్కడికి పోతుంది? బీపీ మాత్ర మానేసి పుచ్చకాయ తినేవాళ్ళను నేను చూశాను. దయచేసి అలా చెయ్యకండి.

ఎండదెబ్బకు పుచ్చకాయ మందు అనేవాళ్ళకు ఒక్క అంకె చెప్పాలి. 100 గ్రాముల్లో సోడియం 1 మిల్లీగ్రాము. చెమటలో మనం పోగొట్టుకునేది నీళ్ళు, వాటితోపాటు ప్రధానంగా సోడియమే. 2015 మే వడగాడ్పుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఉపాధి హామీ పనిలో, ఇటుక బట్టీల్లో, కల్లాల్లో ఎండన నిలబడేవాళ్ళకు పుచ్చకాయ నీళ్ళనిస్తుంది, పొటాషియం ఇస్తుంది, ఉప్పు ఇవ్వదు. దానికి ఉప్పేసిన మజ్జిగ కావాలి, గంజి కావాలి, ఓఆర్ఎస్ పొట్లం కావాలి. ముక్కల మీద చిటికెడు ఉప్పు చల్లుకుని తినడం మన దగ్గర ఉన్న అలవాటే, ఎండలో కష్టం చేసేవాళ్ళకు అది నిజంగా పనికొస్తుంది. ఏసీ గదిలో కూర్చునేవాళ్ళకు, బీపీ ఉన్నవాళ్ళకు అక్కర్లేదు.

ఇప్పుడు సూది సంగతి.

చిన్నాయన పొలంలో కోత తెల్లవారుజామునే మొదలవుతుంది. కాయ తొడిమ దగ్గర తీగ నుంచి ఉంగరంలా చుట్టుకుని ఒక నులితీగ ఉంటుంది. అది పచ్చగా ఉంటే ఆ కాయను వదిలేసి ముందుకు పోతాడు. పూర్తిగా ఎండి గోధుమరంగుకు తిరిగి ఉంటే కాయను తిప్పి, నేలకు ఆనిన చోట మచ్చ చూస్తాడు. తెల్లగా ఉంటే ఇంకా పచ్చి, వెన్న రంగు దాటి పసుపుకు వచ్చి ఉంటే పండినట్టు. తర్వాత వేళ్ళతో తడతాడు, గణగణ మోగితే కాదు, మొద్దుగా పలికితే కోసేస్తాడు. ఆ పసుపు మచ్చనే వాట్సాప్‌లో "కెమికల్ కొట్టిన గుర్తు" అని చూపిస్తున్నారు. కొనేటప్పుడు వెతికి మరీ ఎంచుకోవాల్సిన గుర్తు అది.

రంగు ఇంజెక్షన్ వీడియో చూపించి అడిగితే చిన్నాయన చెప్పింది ఇది: "సూది గుచ్చితే కాయ రెండు దినాలు నిలబడదమ్మా. లోపల పులిసి నురగ కారతాది. ఈడ లోడెత్తింది హైదరాబాద్ మార్కెట్టుకు పోయేసరికి కారిపోయుంటే నాకు దుడ్లు ఎవరిస్తారు?" ఆ మాటలో పూర్తి శాస్త్రం ఉంది. తొక్క చెక్కుచెదరకుండా ఉన్నంతసేపే లోపల కండ శుభ్రంగా ఉంటుంది. చిన్న రంధ్రం పడినా సూక్ష్మజీవులు లోపలికి పోతాయి, మన ఎండలకు కాయ పులవడానికి ఎంతోసేపు పట్టదు. ఒకచోట గుచ్చిన రంగు కాయంతా సమానంగా పాకదు కూడా, గుచ్చినచోట మడుగు కడుతుంది. టన్నుల లెక్కన అమ్ముడయ్యే కాయలకు ఒక్కొక్కదానికి సూది వేసే కూలి ఎవరు భరిస్తారు? ఆక్సిటోసిన్ ఎక్కించి పెంచుతారని ఇంకో మాట. ఆక్సిటోసిన్ క్షీరదాల ఒంట్లో పనిచేసే హార్మోను, గేదె పాలు చేపడానికి దాన్ని దుర్వినియోగం చేసేవాళ్ళున్నారు, కానీ పుచ్చకాయ పెరగడానికి అది పనికిరాదు.

కోశాక లోపల నడిమధ్య మూడు వైపులకు చీలినట్టు పగుళ్ళు కనిపిస్తే అదీ ఇంజెక్షన్ వల్లే అంటారు. పూత సమయంలో తేనెటీగలు సరిగా వాలక, పరాగసంపర్కం చాలకపోతే కండ సమానంగా ఎదగదు, అప్పుడు ఆ చీలిక వస్తుంది. తినడానికి ఏ ఇబ్బందీ లేదు. పొద్దున పూట తేనెటీగలు తిరిగే వేళ పురుగుమందు కొడితే మరుసటి నెల కాయల్లో ఇలాంటివి పెరుగుతాయని మా ఊరి రైతులకు అనుభవంలో తెలుసు. తెల్ల గింజలు ఎదగని గింజలు, విత్తనం లేని రకాల్లో అయితే ఉత్త గింజ పొరలు. తెల్లటి దారాల్లాంటివి కాయకు నీళ్ళు, ఆహారం మోసే నాళాలు.

కల్తీ అసలు ఉండదని నేననడం లేదు. కోసిన ముక్కల మీద, జ్యూసులో రంగు కలిపే అవకాశం ఉంది. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పిన పరీక్ష తేలికే: కోసిన కండ మీద దూదితో రుద్దాలి, ఎరిత్రోసిన్ రంగు ఉంటే దూది ఎర్రగా మారుతుంది. అనుమానం ఉంటే చేసుకోండి. కానీ వీడియో నమ్మి మొత్తం పండునే మానేస్తే ఏమవుతుందో 2025 వేసవిలో తమిళనాడులో చూశాం. రంగు ఎక్కిస్తున్నారన్న ప్రచారంతో కొనేవాళ్ళు లేక ధర పడిపోయింది, రైతులు ఆందోళనకు దిగారు, చివరికి అధికారులే ముందుకొచ్చి భయపడొద్దని చెప్పాల్సి వచ్చింది. పుచ్చకాయ నిల్వ ఉండే పంట కాదు. పసుపులాగో మిర్చిలాగో ధర వచ్చేదాకా కోల్డ్ స్టోరేజీలో పెట్టుకునే వీలు లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ సరిగ్గా కోత వేళకు వచ్చినప్పుడు పొలాల్లోనే కుళ్ళిపోయిన కాయల్ని నేను చూశాను. ఒక్క వారం జనం కొనకపోతే మల్చింగ్ షీటుకు, డ్రిప్పుకు, హైబ్రిడ్ విత్తనానికి తెచ్చిన అప్పు అలాగే మిగిలిపోతుంది.

రసాయనాల భయం ఎవరికైనా ఉంటే, అది పొలంలో కొట్టే మందుల మీద పెట్టండి. 1985లో కాలిఫోర్నియాలో ఆల్డికార్బ్ అనే పురుగుమందు ఉన్న పుచ్చకాయలు తిని వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు. పుచ్చ పంటకు అనుమతి లేని మందు అది, వేర్లలోంచి కాయలోకి చేరింది. సూది అవసరం రాలేదు. ఏ మందు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నది రైతుకు చెప్పే మనిషి ఊళ్ళో ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల ఆ సలహా ఇచ్చేది మందుల షాపువాడే.

అన్నిటికంటే దగ్గరగా ఉన్న ప్రమాదం కత్తి. పుచ్చకాయ పుల్లదనం లేని పండు. నారింజలోనో ద్రాక్షలోనో ఉండే పులుపు బ్యాక్టీరియాను కొంత ఆపుతుంది, ఇక్కడ ఆ అడ్డు లేదు. నీరు, తీపి, వేసవి వేడి కలిస్తే బ్యాక్టీరియాకు అంతకంటే ఏం కావాలి? 2018లో అమెరికాలో ముందే కోసి డబ్బాల్లో పెట్టి అమ్మిన పుచ్చ, కర్బూజా ముక్కల వల్ల తొమ్మిది రాష్ట్రాల్లో 77 మందికి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకింది. ఫ్రిజ్‌లు, తనిఖీలు ఉన్న దేశంలోనే అలా జరిగింది. మన బండి మీద చూడండి. కాయ పొలం మట్టితో, లారీ దుమ్ముతో వస్తుంది. కడగకుండానే కత్తి దించుతారు, తొక్క మీదున్నది కత్తితోపాటు కండలోకి దిగుతుంది. ఆ కత్తిని ముంచే బకెట్ నీళ్ళు పొద్దుటి నుంచి అవే. ముక్కల కింద పరిచే ఐసు దిమ్మ చేపల మార్కెట్టుకు వెళ్ళేదీ, ఇక్కడికి వచ్చేదీ ఒకటే కావచ్చు, తాగే నీటితో చేశారన్న హామీ ఎవరూ ఇవ్వరు. చల్లదనం బ్యాక్టీరియాను చంపదు.

బండి పెట్టుకున్న మనిషి మీద నాకు కోపం లేదు, ఎర్రటి ఎండలో నిలబడి బతుకుతున్నాడు. ఆయన దగ్గరే కొనండి, కోసి ఉంచిన ముక్కలకు బదులు పూర్తి కాయ కొనండి. చిన్నసైజు కాయలు ఇప్పుడు రెండు మూడు కిలోల్లోనే వస్తున్నాయి, నలుగురున్న ఇంటికి ఒకటి సరిపోతుంది. అక్కడే తినాలనుకుంటే కొత్త కాయ మీ ముందే కడిగి కోయమనండి, ఐసు వద్దనండి. ఇంటికి తెచ్చాక తొక్కను కుళాయి కింద చేత్తో రుద్ది కడిగి, తుడిచి, శుభ్రమైన కత్తితో కోయండి. కోశాక రెండు గంటల్లోపు మూతపెట్టిన డబ్బాలో ఫ్రిజ్‌లోకి పోవాలి, రెండు మూడు రోజుల్లో అయిపోవాలి.

కోయని కాయను మాత్రం తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకండి. 21 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచిన కాయల్లో లైకోపీన్ 40 శాతం దాకా పెరిగిందని, 5 డిగ్రీల్లో పెట్టినవాటికి ఆ లాభం లేదని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2006లో ప్రచురించారు. మన ఏప్రిల్ వంటిళ్ళు 21 డిగ్రీల్లో ఉండవు కాబట్టి రెండు వారాలు వద్దు. నీడలో, గాలి తగిలేచోట నాలుగైదు రోజులు ఉంచి, తినే ముందు రెండు గంటలు చల్లబరిస్తే చాలు.

తొక్కకూ ఎర్ర కండకూ మధ్య ఉండే తెల్ల భాగాన్ని పారేయకండి. సిట్రులిన్ అందులోనూ బాగానే ఉంటుంది. పైన గట్టి పచ్చ తొక్క తీసేసి, చిన్న ముక్కలు కోసి, దోసకాయలాగే పప్పులో వేయొచ్చు. పచ్చిమిర్చి, చింతపండుతో మగ్గించి రోటి పచ్చడి చేస్తే వేడన్నంలోకి చాలా బాగుంటుంది. గింజలైతే ఎండబెట్టి ఒలిచిన పప్పులో 100 గ్రాములకు 28 గ్రాముల ప్రోటీన్, 500 మిల్లీగ్రాములకు పైగా మెగ్నీషియం ఉన్నాయి. కేలరీలు కూడా 550 దాటతాయి, గుప్పెడు చాలు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా ఈ పండు జోలికి వెళ్ళొద్దు. 100 గ్రాముల్లో పొటాషియం తక్కువగానే కనిపిస్తుంది గానీ, ఎవరూ 100 గ్రాముల దగ్గర ఆగరు. కిలో తింటే 1,100 మిల్లీగ్రాములు దాటుతుంది, దాంతోపాటు 900 మిల్లీలీటర్ల నీళ్ళు. డయాలసిస్ మీద ఉండి రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలన్న లెక్కలో ఉన్న మనిషికి అది గుండె మీదికి రావచ్చు. "కిడ్నీలను కడిగేస్తుంది" అనే పోస్టులు సరిగ్గా ఇలాంటివాళ్ళ చేతుల్లోకే వెళ్తున్నాయి.

ప్రభుత్వాల నుంచి నేను కోరేది రెండు పనులు. హైదరాబాద్ దగ్గరి బాటసింగారం లాంటి పెద్ద పండ్ల మార్కెట్లకు వచ్చే పుచ్చకాయల నుంచి సీజన్ మొదట్లోనే నమూనాలు తీసి, రంగుకూ పురుగుమందుల అవశేషాలకూ పరీక్ష చేయించి, ఫలితాలు తెలుగులో ప్రకటించాలి. మార్చి మొదటి వారానికే ఆ కాగితం బయటికొస్తే వాట్సాప్ వీడియోకు జవాబుగా పంపడానికి మాలాంటివాళ్ళకు ఒకటి ఉంటుంది. రెండోది, ఐసు ఫ్యాక్టరీల నీటినీ బండ్ల దగ్గర కత్తి కడిగే నీటినీ వేసవంతా తనిఖీ చేయాలి. ఆ తనిఖీకి వచ్చినవాళ్ళు బండివాళ్ళకు జరిమానా రాసి పోకుండా, మూత ఉన్న నీళ్ళ డ్రమ్మూ, కుళాయీ ఎక్కడ దొరుకుతాయో చూపించాలి.